నోట్లోంచి వచ్చిన తెల్లబట్ట

మా అక్క కొడుకు ఫోన్లో ఏదో దయ్యాల గేమ్ ఆడుతున్నాడు. దయ్యాన్ని కొట్టినప్పుడల్లా ఆకుపచ్చగా మెరిసే జిగురుముద్ద ఒకటి కింద పడుతోంది. దాన్ని ఏరుకోవాలట. "ఏంట్రా అది?" అని అడిగితే తల ఎత్తకుండానే, "ఎక్టోప్లాజం మామయ్యా. పది పోగేస్తే కొత్త కత్తి ఇస్తాడు" అన్నాడు.

వాడి నోట ఆ మాట వినగానే నవ్వొచ్చింది. సరిగ్గా ఆ వారమే నేను పాత ఎక్టోప్లాజం ఫోటోలు చూస్తూ రాత్రుళ్ళు నిద్ర పాడుచేసుకుంటున్నాను. ఎక్టోప్లాజం అంటే వందేళ్ళ క్రితం యూరప్, అమెరికాల్లో ఆత్మల్ని పిలిచేవాళ్ళ ఒంట్లోంచి బయటికొస్తుందని చెప్పుకున్న పదార్థం. వాటిల్లో ఆకుపచ్చా లేదు, మెరుపూ లేదు. కుర్చీలో వెనక్కి వాలిపోయిన ఒక ఆడమనిషి. మూసుకున్న కళ్ళు, తెరిచిన నోరు. ఆ నోట్లోంచి గడ్డం మీదుగా ఒళ్ళోకి జారుతున్న తెల్లబట్ట. బట్టలాంటిది కాదు, బట్టే. కొన్ని ఫోటోల్లో నేత కనిపిస్తుంది, అంచు కనిపిస్తుంది, చిరుగులు కూడా కనిపిస్తాయి.

చూసిన ఎవరికైనా ముందు తట్టేది ఒకటే: దీన్ని జనం ఎలా నమ్మార్రా బాబూ! నాకూ అదే తట్టింది. రెండు మూడు రాత్రులయ్యాక దాని మీద ఆసక్తి పోయింది. మోసపోవడానికి మనిషికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. ఇంకో ప్రశ్న మాత్రం వదల్లేదు. ఆత్మ అనగానే మనకి తోచేవి గాలి, వెలుగు, నీడ. వాటన్నిటినీ పక్కనపెట్టి, తూకం వెయ్యగలిగే, పట్టుకుంటే చేతికి తగిలే, తడిస్తే బరువెక్కే ఒక గుడ్డని ఆత్మకి రుజువుగా ఎందుకు ఒప్పుకున్నారు?

ఎక్టోప్లాజం ఆత్మకి ప్రతీక అని చాలామంది రాస్తారు. నాకు అలా అనిపించడం లేదు. అది ఒంటికి ప్రతీక. పోయినవాళ్ళ ఆత్మ ఎక్కడో క్షేమంగా ఉందని చెప్పడానికి వాళ్ళ ఊరి చర్చి ఎప్పుడూ ఉంది. చర్చి ఇవ్వలేనిదీ, వీళ్ళు చీకటి గదుల్లో కూర్చుని అడిగిందీ చేతికి తగిలే వస్తువు.

(మనం 'స్పిరిచువల్' అనగానే భక్తి, ధ్యానం అనుకుంటాం. ఈ వ్యాసంలో స్పిరిచువలిజం అంటే పోయినవాళ్ళతో మాట్లాడవచ్చని నమ్మే వ్యవహారం. మీడియం అంటే ఆ మాటలకి మధ్యవర్తి.)

దయ్యాలకి బట్టలెందుకు?

ఎక్టోప్లాజం అనే పేరు పుట్టకముందే ఆ దేశాల్లో దయ్యానికీ బట్టకీ లంకె ఉంది. 1804 జనవరిలో లండన్ పక్కన హామర్‌స్మిత్‌లో దయ్యం తిరుగుతోందని పుకారు లేచింది. ఫ్రాన్సిస్ స్మిత్ అనే ఆయన తుపాకీ పట్టుకుని కాపు కాశాడు. చీకట్లో తెల్లటి ఆకారం ఒకటి ఎదురొస్తే కాల్చేశాడు. చచ్చిపోయింది థామస్ మిల్‌వుడ్ అనే గచ్చుపనివాడు. ఆ పనివాళ్ళు వేసుకునేవే తెల్లబట్టలు. అంతకుముందే ఒకసారి అతన్ని చూసి ఎవరో జడుసుకున్నారని, పైన కోటు వేసుకుని తిరగమని ఇంట్లోవాళ్ళు చెప్పారు కూడా. వినలేదు. స్మిత్‌కి ముందు ఉరిశిక్ష పడింది, తర్వాత దాన్ని ఏడాది కఠినశిక్షకి తగ్గించారు.

అక్కడ స్మిత్ చూసింది ముఖాన్ని కాదు, బట్టని. బట్ట తెల్లగా ఉంది కాబట్టి దయ్యం. ఆ తెలుపు శవానికి చుట్టే బట్టది. ఇంగ్లండులో శవాన్ని ఉన్నిబట్టలోనే పాతిపెట్టాలని ఒక చట్టం కూడా ఉండేది. దాని వెనక దైవభక్తేం లేదు, ఉన్ని వ్యాపారం దెబ్బతినకుండా చేసుకున్న ఏర్పాటు. 1814లో రద్దయ్యేదాకా అది పుస్తకాల్లో ఉంది.

1863లో జార్జ్ క్రూక్‌షాంక్ అనే బొమ్మల ఆయన (డికెన్స్ కథలకి బొమ్మలు వేసినాయన) దీన్ని పట్టుకుని బాగా ఆడుకున్నాడు. మనిషికి ఆత్మ ఉందనుకుందాం, మరి అతని మేజోళ్ళకి కూడా ఆత్మ ఉందా? దయ్యాలన్నీ బట్టలేసుకుని కనిపిస్తున్నాయంటే చొక్కాలు, టోపీలు కూడా చచ్చి పైకి పోతున్నట్టే కదా? కొంటె ప్రశ్నే గానీ దీనికి నమ్మేవాళ్ళ దగ్గర జవాబు లేదు. నాకు నచ్చింది ఏంటంటే, ఆయన ఎగతాళి చేసినదాన్నే యాభై ఏళ్ళ తర్వాత మీడియంలు నిజం చేసి చూపించారు. మనిషి రాలేదు, బట్ట వచ్చింది.

పేరు పెట్టినాయన

1890ల్లో ఈ మాటని వాడుకలోకి తెచ్చినాయన ఆషామాషీ మనిషి కాదు. షార్ల్ రిషే. ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు. ఒంటికి పడని పదార్థం రెండోసారి లోపలికి వెళ్ళినప్పుడు ప్రాణం మీదికి తెచ్చే ప్రతిచర్య ఉంటుందే, అనాఫిలాక్సిస్, దాని మీద పనికి 1913లో నోబెల్ అందుకున్నాడు. గ్రీకులో 'ఎక్టోస్' అంటే బయట, 'ప్లాస్మా' అంటే రూపం పోసుకున్నది. బయటికొచ్చి రూపం కట్టేది అన్నమాట.

ఈ పేరు అప్పటికే జీవశాస్త్రంలో ఉంది. అమీబా కణంలో పైపొర పేరు ఎక్టోప్లాజమే. అమీబా తన ఒంట్లోంచే ఒక ముద్దని ముందుకు తోసి కాలులా వాడుకుంటుంది, పని అయిపోగానే మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. దాన్ని సూడోపాడ్ అంటారు, స్కూల్లో బొమ్మ వేసే ఉంటారు. మీడియం ఒంట్లోంచి వచ్చే చేతుల్లాంటి వాటిని కూడా ఆ పరిశోధకులు సూడోపాడ్‌లనే అన్నారు. అంటే వాళ్ళ ఊహలో మీడియం దేవదూత కాదు, ఓ పెద్ద అమీబా. ప్రాణం అంటే ప్రోటోప్లాజం అనే ముద్దపదార్థమని 1868లో జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ ఎడిన్‌బరోలో ఉపన్యాసమిచ్చి గొడవ రేపిన తరం అది. ప్రాణానికి పదార్థం ఉంటే ప్రేతానికి ఎందుకుండకూడదు అని వీళ్ళ వాదన.

దయ్యాలు ఆయా కాలాల యంత్రాల్ని, సైన్సునీ అనుకరిస్తాయని ఒక మాట ఉంది, బాగా చెలామణీ అయిన మాట. 1844లో మోర్స్ టెలిగ్రాఫ్ టకటక మొదలైంది. నాలుగేళ్ళకి, 1848లో, న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్స్‌విల్‌లో ఫాక్స్ అక్కచెల్లెళ్ళ ఇంట్లో దయ్యం టకటకమని తట్టడం మొదలుపెట్టింది. (కాలివేళ్ళ కీళ్ళు విరిచి ఆ చప్పుడు చేశామని మార్గరెట్ ఫాక్స్ 1888లో జనం ముందు ఒప్పుకుంది, మరుసటేడు ఆ ఒప్పుకోలునే వెనక్కి తీసుకుంది.) ఫోటోగ్రఫీ వచ్చాక బోస్టన్‌లో విలియం మమ్లర్ ఫోటోల్లో పారదర్శక దయ్యాలు దిగాయి. జీవకణం వచ్చాక ఎక్టోప్లాజం. వరస బాగానే కుదురుతుంది. కానీ ఇది సగం జవాబే. టెలిగ్రాఫ్ దయ్యం టకటకమని తడితే, కణం దయ్యం ముద్దలా రావాలి కదా. ముద్దని చూడటానికి వెళ్ళినవాళ్ళు గుడ్డని చూసి ఎందుకు సంతోషించారు?

దీనికి సులువైన జవాబు ఒకటుంది, దాన్ని దాటవేస్తే తప్పవుతుంది. బట్ట మడిస్తే చిన్నదవుతుంది, దాచుకోవచ్చు, కొందరైతే మింగి మళ్ళీ కక్కగలరు. చీకట్లో తెల్లగా కనిపిస్తుంది. చవక. అంతే, ఇందులో ప్రతీకా లేదు, గాడిదగుడ్డూ లేదు. మా స్నేహితుడొకడు, ఇంజనీరు, ఫోన్లో నాతో సరిగ్గా ఇదే అన్నాడు. "నువ్వు దొంగ వాడిన తాళంచెవిలో కవిత్వం వెతుకుతున్నావు" అన్నాడు. దొంగ విషయంలో వాడన్నది నిజమే. బట్టని ఎన్నుకోవడానికి మీడియం కారణం అదే అయ్యుంటుంది. నాకు కావలసింది ఎదురుగా కూర్చున్నవాళ్ళ కారణం.

దయ్యం నాడి

1874లో లండన్‌లో విలియం క్రూక్స్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు, థాలియం మూలకాన్ని కనిపెట్టినాయన, ఫ్లోరెన్స్ కుక్ అనే అమ్మాయి పిలిచే 'కేటీ కింగ్' అనే ఆత్మని పరీక్షించాడు. తెల్లటి అంగీ వేసుకుని ఆ ఆత్మ గదిలో నడిచేది, మాట్లాడేది. క్రూక్స్ ఏం చేశాడో తెలుసా? నాడి చూశాడు. కేటీది నిమిషానికి 75, మీడియం పిల్లది 90 అని రాసుకున్నాడు. ఆత్మకి నాడి ఎందుకు కొట్టుకోవాలి అన్న ప్రశ్న ఆయనకి రాలేదు. కొట్టుకుంటున్నందుకు సంతోషపడ్డాడు.

ఇది చదివాకే నా అనుమానం గట్టిపడింది. వాళ్ళు ఒంటికోసం వెతుకుతున్నారు. ఒళ్ళు దొరికిన ప్రతిసారీ దాన్ని ఆత్మ అని పిలుస్తున్నారు.

బెల్‌ఫాస్ట్‌లో విలియం క్రాఫర్డ్ కథ ఇంకా విచిత్రం. మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పే లెక్చరర్. కాథ్లీన్ గోలిగర్ అనే అమ్మాయి కూర్చుంటే బల్ల గాల్లోకి లేస్తుందని ఆ అమ్మాయిని కుర్చీతో సహా తూకపు యంత్రం మీద కూర్చోబెట్టాడు. బల్ల లేచినప్పుడు బల్ల బరువు ఎంతో, పిల్ల బరువు దాదాపు అంత పెరిగింది. మామూలు మనిషికి దీని అర్థం ఒకటే, బల్లని లేపుతున్నది ఆ పిల్లే, బహుశా కాలితో. క్రాఫర్డ్‌కి మాత్రం ఆమె ఒంట్లోంచి కంటికి కనపడని దూలం ఒకటి బయటికొచ్చి బల్లని మోస్తోందని అర్థమైంది. ఒకవైపు మాత్రమే బిగించిన దూలం, క్యాంటిలీవర్, ఎంత బరువు మోస్తుందో లెక్కలు వేశాడు, బొమ్మలు గీశాడు. అదే అంకె ఇద్దరికీ రుజువే. 1920లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. తర్వాత అదే బృందాన్ని పరీక్షించిన ఫూర్నియే దాల్బ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడికి అక్కడ కనిపించింది మస్లిన్ బట్ట.

అమెరికాలో డంకన్ మక్‌డూగల్ చనిపోతున్న ఆరుగురిని మంచంతో సహా తూచాడు, 1907లో ఫలితాలు అచ్చేశాడు. మనకి బాగా తెలిసిన '21 గ్రాములు' అందులో ఒక్క మనిషి దగ్గర వచ్చిన అంకె. ఇక్కడ కూడా అదే యావ, ఆత్మ ఉందనిపించుకోవాలంటే ముందు దానికి బరువుండాలి.

నోరు

నోరు సంగతి వేరే చెప్పాలి. మధ్యయుగపు క్రైస్తవ చిత్రాల్లో చనిపోతున్న మనిషి నోట్లోంచి చిన్న బొమ్మలాంటి నగ్నశిశువు బయటికొస్తూ ఉంటుంది. అది ప్రాణం. దయ్యం వదిలిస్తున్న చిత్రాల్లో నల్లటి చిన్న పిశాచం అదే దారిన పోతుంది. ఊపిరి, ప్రాణం ఒకటేనన్న భావన చాలా భాషల్లో ఉంది. లాటిన్‌లో 'స్పిరిటస్' అంటే ఊపిరే. కాబట్టి నోట్లోంచి తెల్లగా ఏదో వస్తుంటే చూసేవాళ్ళ కళ్ళకి ఆ బొమ్మ కొత్తది కాదు.

కొత్త ఏంటంటే దిశ. పాత బొమ్మల్లో చనిపోతున్నవాడి నోట్లోంచి ప్రాణం పోతుంది. ఇక్కడ బతికున్న ఆవిడ నోట్లోంచి పోయినవాడు తిరిగొస్తున్నాడు. అది చావు బొమ్మ కాదు, కాన్పు బొమ్మ. మూలుగులు, చెమట, చుట్టూ చేతులు పట్టుకుని కూర్చున్నవాళ్ళు, బయటికొచ్చేదానికీ ఆమెకీ మధ్య బొడ్డుతాడు లాంటి తెల్లటి పేలిక. ఆ పేలికని ఎవరైనా గభాల్న పట్టుకుంటే మీడియం ప్రాణానికే ప్రమాదమని చెప్పేవాళ్ళు. అది పట్టుబడకుండా ఉండటానికి అల్లిన కట్టుకథ కూడా, ఒప్పుకుంటాను. కానీ కథ అల్లడానికి దొరికిన పోలిక చూడండి.

ఫోటోల్లో అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేవి ఏవా సి. అనే ఫ్రెంచి మీడియంవి. మ్యూనిక్ డాక్టరు ష్రెంక్-నోట్సింగ్, ఏవాతో ఉండే జూలియెట్ బిస్సన్ కలిసి తీసినవి. ఏవా తలమీద, నోటిపక్కన మనుషుల ముఖాలు అతుక్కుని ఉంటాయి. చదునుగా, కత్తిరించిన కాగితాల్లా. నిజంగానే కాగితాలు. ఒక ఫోటో వెనకనుంచి తీస్తే అందులో 'లె మిరో' అని అచ్చక్షరాలు కనిపించాయి. అప్పట్లో పారిస్‌లో వచ్చే 'లె మిరోయిర్' పత్రిక పేరులో మొదటి అక్షరాలు. ఆ ముఖాల్లో అమెరికా అధ్యక్షుడు విల్సన్, ఫ్రాన్స్ అధ్యక్షుడు ప్వాంకరే పోలికలు కూడా పట్టుకున్నారు. ఇద్దరూ అప్పటికి నిక్షేపంగా బతికే ఉన్నారు. డాక్టరుగారు అయినా తగ్గలేదు. ఆమె పత్రిక చూసి ఉంటుందని, ఆ జ్ఞాపకమే ఎక్టోప్లాజం మీద అచ్చుపడిందని వాదించాడు.

ఆ పరీక్షల వివరాలు చదువుతుంటే మాత్రం నవ్వు ఆగిపోతుంది. ప్రతి కూటమికి (ఆత్మని పిలవడానికి కూర్చునే సమావేశానికి) ముందూ వెనకా ఆ స్త్రీలని బట్టలిప్పి, ఒళ్ళంతా, లోపల కూడా వెతికేవాళ్ళు. కుట్టేసిన ప్రత్యేక దుస్తులు తొడిగేవాళ్ళు. ఎర్రదీపం, కెమెరాలు, చుట్టూ మీసాల మగవాళ్ళు. ఒంటికోసం వెతుకుతున్నారని పైన అన్నాను. ఎవరి ఒంటిని వెతికారన్నది కూడా చెప్పకపోతే నా వాదన మరీ మర్యాదస్తుల వాదన అయిపోతుంది. బతికున్న ఆడమనిషి ఒంటిమీద ఇంత హక్కు దొరికే చోటు ఆనాటి డ్రాయింగురూముల్లో ఇంకెక్కడుంది? మోసం ఆమె చేసింది, నిజమే. ఆ గదిలో మోసం ఆమెది ఒక్కటేనా అన్నది నాకింకా తేలలేదు.

హెలెన్ డంకన్ సంగతే తీసుకోండి. స్కాట్లండ్ మనిషి. ఆరుగురు పిల్లలు, ఆరోగ్యం సరిగాలేని భర్త. బట్టలు తెల్లబరిచే ఫ్యాక్టరీలో కూడా పనిచేసింది. (ఈ ముక్క ఎవరైనా కథలో పెడితే 'మరీ అతికించావు' అనేవాణ్ణి.) 1931లో హ్యారీ ప్రైస్ అనే పరిశోధకుడు లండన్‌లో ఆమెని పరీక్షించి, పల్చటి వడకట్టుగుడ్డ మింగి కక్కుతోందని తేల్చాడు. ఎక్స్‌రే తీస్తామంటే ఆమె వీధిలోకి పరిగెత్తి కేకలు పెట్టింది. 1933లో ఎడిన్‌బరోలో 'పెగ్గీ' అనే చిన్నపిల్ల ఆత్మ వస్తే కూటమిలో ఉన్న ఒకావిడ గట్టిగా పట్టుకుంది. చేతికి చిక్కింది లోపల వేసుకునే బనీను. 10 పౌన్లు జరిమానా.

1944లో ఆమెకి తొమ్మిది నెలల జైలు పడింది, అదీ 1735 నాటి మంత్రవిద్యల చట్టం కింద. 'బ్రిటన్‌లో చివరి మంత్రగత్తె' అని ఇప్పటికీ రాస్తుంటారు. తప్పు. ఆ చట్టం మంత్రగత్తెలున్నారని ఒప్పుకోదు, ఆత్మల్ని రప్పిస్తున్నట్టు నటించడాన్ని శిక్షిస్తుంది. బార్‌హామ్ అనే యుద్ధనౌక 1941లో మునిగిన సంగతి ప్రభుత్వం దాచిపెట్టగా, ఆ ఓడ పేరున్న టోపీ రిబ్బనుతో ఒక నావికుడి ఆత్మ ఆమె కూటమిలో తన తల్లికి కనిపించిందని చెప్పుకుంటారు. యుద్ధకాలంలో రిబ్బన్ల మీద ఓడ పేరు ఉండేదే కాదు. ఇక్కడ కూడా ఆ తల్లి కోసం వచ్చినట్టు చెప్పుకున్న గుర్తు ఒక బట్టముక్కే.

ఒక రాత్రి

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం మా నాన్నగారికి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో ఉన్నారు. రాత్రి తోడు నేను. ముక్కూ నోరూ మూస్తూ మాస్కు. లైటు తగ్గించారు. ఆయన ఛాతీ కదులుతోందో లేదో దుప్పటి మీద తెలియడం లేదు. మాస్కులో మాత్రం తెల్లటి పొగ కనిపిస్తోంది. పట్టుకుంటోంది, పలచబడుతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. నేను ముఖం చూడటం మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను. అది కనిపిస్తున్నంతసేపూ పర్లేదు అని లెక్క. పలచబడిన ప్రతిసారీ నా ఊపిరి ఆగేది.

నర్సు వచ్చింది. నా టెన్షన్ చూసి ఏమైందని అడిగింది. "ఊపిరి వస్తోందా లేదా అని చూస్తున్నానండీ" అని మాస్కు వైపు చూపించాను. "అది ఊపిరి కాదండీ, నెబ్యులైజర్ పెట్టాం కదా, మందు పొగ అది" అంది. మిషన్ ఆపేసింది. పొగ ఆగిపోయింది. నాన్న మామూలుగానే ఊపిరి తీస్తున్నారు.

నిజం తెలిసింది కదా, ఇక ఆ పొగని పట్టించుకోకూడదు. ఉదయం నాలుగింటికి మళ్ళీ మిషన్ పెట్టారు. నేను మళ్ళీ దాన్నే చూశాను. తెలిసే చూశాను. ముఖం కన్నా, మానిటర్ మీద అంకెల కన్నా ఆ తెల్లటి పొగే నాకు ధైర్యమిచ్చింది. నాన్న ఆ తర్వాత ఇంకో ఏడాది మా మధ్య ఉన్నారు.

కాబట్టి 'వడకట్టుగుడ్డని చూసి ఎలా నమ్మారు' అని నేను మాత్రం అడగలేను. నమ్మడం అన్న మాటే అక్కడ సరిపోదనిపిస్తుంది. మందు పొగ అని తెలిసి కూడా చూసిన నాకు నమ్మకం ఉన్నట్టా, లేనట్టా?

ఖాళీ సమాధి

మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ సైనికుల శవాల్ని ఇళ్ళకి పంపలేదు. 1915 నుంచే నిషేధం. ఎవరు ఎక్కడ పోయారో అక్కడే పాతారు. పాతడానికి ఏదైనా దొరికితేనే అది కూడా. దాదాపు సగం మందికి ఫలానాది అని చెప్పే సమాధి లేదు. ఫ్రాన్స్‌లోని తియెప్వాల్ స్మారకం ఒక్కదాని మీదే 72 వేల పైచిలుకు పేర్లున్నాయి, అన్నీ శవం దొరకనివాళ్ళవో, దొరికినా పోల్చుకోలేనివాళ్ళవో. లండన్‌లో వాళ్ళ గుర్తుగా కట్టినదాన్ని సెనొటాఫ్ అంటారు, అంటే ఖాళీ సమాధి.

1920ల్లో ఆ సెనొటాఫ్ దగ్గర రెండు నిమిషాల మౌనం పాటిస్తున్న జనాన్ని ఏడా డీన్ అనే ఆవిడ ఫోటోలు తీసింది. జనం తలల మీద తెల్లటి మబ్బు, ఆ మబ్బు నిండా కుర్రవాళ్ళ ముఖాలు. తల్లులు వాటిల్లో తమ బిడ్డల్ని గుర్తుపట్టారు. 1924లో ఓ పత్రిక అవి ఫుట్‌బాల్ ఆటగాళ్ళవీ, ఒక బాక్సర్‌దీ అని, అందరూ బతికున్నవాళ్ళేనని బయటపెట్టింది. అయినా గుర్తుపట్టినవాళ్ళు చాలామంది మాట మార్చుకోలేదు.

భౌతికశాస్త్రజ్ఞుడు ఆలివర్ లాడ్జ్ కొడుకు రేమండ్ 1915లో ఫ్లాండర్స్‌లో పోయాడు. మరుసటేడు ఆ అబ్బాయితో మీడియం ద్వారా జరిగిన సంభాషణలతో ఆయన ఒక పుస్తకం వేశాడు. పై లోకంలో సిగార్లు, విస్కీ కూడా దొరుకుతాయన్న ముక్క పట్టుకుని జనం నవ్వారు. నేను ఆగింది ఇంకో ముక్క దగ్గర. తను అక్కడ వేసుకున్న సూటు ఇక్కడ చివికిపోయిన ఉన్ని నుంచే తయారై ఉంటుందని ఆ అబ్బాయి అన్నాడట. ఆ పాత ఉన్నిబట్ట చట్టం కాదు, వ్యాపారం కాదు, తండ్రి ఎదుట కూర్చున్న ఒక మీడియం నోట్లోంచి ఆ మాట వచ్చింది. బట్ట చుట్టడానికి ఇంట్లోవాళ్ళకి ఒళ్ళు దొరకలేదు. బట్ట మాత్రం చేతిలో మిగిలిపోయింది.

ఇక్కడే నా వాదనకి పెద్ద చిక్కు. ఏవా సి. ఫోటోలు యుద్ధానికి ముందువి. రిషే పేరు పెట్టింది ఇంకా ఇరవై ఏళ్ళ ముందు. కనక యుద్ధం వల్ల ఎక్టోప్లాజం పుట్టిందని అనలేను. తేదీలు ఒప్పుకోవు. ఆలోచించగా నాకు తోచింది ఇది: యుద్ధానికి ముందు అది ఎక్కువగా ప్రొఫెసర్ల వస్తువు. ప్రాణపదార్థం ఏమిటో తేల్చాలన్న కుతూహలం వాళ్ళది. యుద్ధం తర్వాత అదే గదుల్లోకి తల్లులొచ్చారు. వస్తువు అదే, అడిగేవాళ్ళు మారారు. ప్రొఫెసరుకి కావలసింది పదార్థం, తల్లికి కావలసింది ఒళ్ళు. ఇద్దరికీ ఒకే గుడ్డ సరిపోయింది. ఇది పూర్తిగా అతికిన జవాబని చెప్పను. బోస్టన్‌లో మార్జరీ అనే మీడియం 1920ల్లో బట్ట కాకుండా తడి మాంసంలాంటి చెయ్యిని బయటపెట్టేది. జంతువు ఊపిరితిత్తుల ముక్కలా ఉందని హార్వర్డ్ వాళ్ళు అనుమానించారు. అది ఎక్కడ అతుకుతుందో నాకు తెలియలేదు. ఒళ్ళు కావాలన్నవాళ్ళకి మరీ నిజమైన ఒళ్ళు ఇచ్చినట్టుంది, చూసినవాళ్ళకి రోత పుట్టింది.

ఆకుపచ్చ

తెల్లబట్ట ఆకుపచ్చ జిగురు ఎలా అయిందంటే, 1984లో వచ్చిన ఒక హాలీవుడ్ కామెడీ పుణ్యం చాలావరకు. అందులో దయ్యం మీదపడితే మనిషి జిగటతో తడిసిపోతాడు, జనం నవ్వుతారు. అక్కణ్ణించి కార్టూన్లు, గేములు. ఈ జిగురు ఎవరి నోట్లోంచీ రాదు. దీనికి నేత లేదు, ముఖం లేదు, దీనికోసం కూర్చుని ఎదురుచూసేవాళ్ళు లేరు. దయ్యం చెత్త, అంతే. నాకు దాని మీద కోపమేం లేదు. బొమ్మ బతకాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి.

మొన్న మావాడికి ఫోన్లో అసలు ఎక్టోప్లాజం చూపిస్తానన్నాను. చూపించింది విన్నిపెగ్‌లో డాక్టర్ హామిల్టన్ తీసినది. ఇంటి పైఅంతస్తు గదిలో కెమెరాల వరుస పెట్టి, ఒకేసారి అన్నీ ఫోటో తీసేలా ఏర్పాటు చేసుకున్న మనిషి. మేరీ మార్షల్ అనే మీడియం ముఖం మీద తెల్లటి ముద్ద, అందులో ఒక చిన్న ముఖం.

"దూది కదా మామయ్యా ఇది."

"అలాగే ఉంది."

వేళ్ళతో పెద్దది చేశాడు. "లోపల ఎవరో తాతగారి ఫోటో ఉంది."

కానన్ డాయిల్ అని, పెద్ద రచయిత అని, అప్పటికి చనిపోయి రెండేళ్ళయిందని చెప్పాను.

"ఈ డాక్టరుకి ఏమవుతాడు?"

ఏమీ కాడని, డాక్టరుగారి మూడేళ్ళ కొడుకు 1919లో ఫ్లూతో పోయాడని, ఆ తర్వాత చనిపోయేదాకా ఆయన ఈ ఫోటోలే తీశాడని చెప్పాను.

వాడు మిగతా ఫోటోలు ఒక్కొక్కటే జరిపాడు. గేమ్ తెరిచే ఉంది, వెనకాల దయ్యాల సంగీతం వస్తోంది. చివరిదాకా వెళ్ళి ఫోన్ నాకిచ్చేశాడు.

"ఆ పిల్లాడి ఫోటో ఏది మరి?"

నేను చూసినవాటిల్లో నాకూ కనిపించలేదు.